ఏడు మల్లవరాలకు ఒక నది

యాభై నాలుగేళ్లుగా నాకొక సందేహం ఉంది. దేవుడు అన్నిచోట్లా ఉంటాడని చిన్నప్పుడు బళ్ళో చెప్పారు, గుళ్ళో చెప్పారు. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ అన్నిచోట్లా ఉన్నవాడికి మొక్కిన మొక్కును ఏ చోట చెల్లించాలన్నది మాత్రం నాకు తేలలేదు.

నాకు నాలుగేళ్లప్పుడు కోరింత దగ్గు పట్టుకుంది. నెలరోజులు దగ్గాను. బుట్టలమ్ముకునే ఒకావిడ మా వీధిన పోతూ ఆ దగ్గు విని ఆగింది. "మా మల్లవరం నరసన్నకి ఓ గంట కడతానని మొక్కుకో తల్లీ, పిల్లాడు తేరుకుంటాడు. గంట కొన్నాక నాలుకకి గుడ్డ చుట్టి ఉంచు" అని చెప్పి, మా అమ్మకి రెండు చేటలు అమ్మి వెళ్ళిపోయింది. అమ్మ మొక్కుకుంది. దగ్గు పోయింది. అమ్మ సంతలో నిమ్మకాయంత ఇత్తడి గంట కొని, పాత చీర అంచు చింపి నాలుకకి చుట్టి, దేవుడి గూట్లో పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది అమ్మకి, ఏ మల్లవరమో అడగలేదని.

మాదీ మల్లవరమే. మా ఊళ్ళో రాములవారున్నారు గానీ నరసన్న లేడు. కుమ్మరిళ్ళు ఎక్కువ కాబట్టి చుట్టుపక్కలవాళ్ళు మమ్మల్ని కుండల మల్లవరం అంటారు. ఇలా ముందో మాట తగిలించకపోతే మా ప్రాంతంలో పెళ్ళివారు కూడా వేరే పందిట్లోకి వెళ్ళి కూర్చుంటారు. నాకు తెలిసినవి ఇంకో మూడున్నాయి. పొగాకు మల్లవరం, గేటు మల్లవరం, ఉత్త మల్లవరం. గేటు మల్లవరానికి రైలు గేటుంది, రైలు ఆగదు, నరసన్న లేడు. ఉత్త మల్లవరంవాళ్ళకి ముందు ఏ మాటా అక్కర్లేదట, అసలు మల్లవరం తమదేనట. ఆ మాట చెప్పడానికే వాళ్ళు బస్సులెక్కుతారని మావాళ్ళంటారు.

పెద్దయ్యాక గంట పట్టుకుని పొగాకు మల్లవరం వెళ్ళాను. అక్కడ నరసన్న ఉన్నాడు. "ఇదే నాయనా" అన్నారు పూజారిగారు. ఉత్త మల్లవరం వెళ్ళాను. అక్కడా ఉన్నాడు. "ఇదే, సందేహమెందుకు?" అన్నారు అక్కడి పూజారిగారు. గంట నాలుకకి ఆ గుడ్డ ఎందుకని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. గంటని తిరిగి ఇంటికి తెచ్చేశాను. అమ్మ పోయేముందు పొలం సంగతి అడగలేదు, నా పిండిమర సంగతి అడగలేదు. "గంట కట్టావట్రా సోమలింగం?" అని అడిగింది. లేదన్నాను.

నా సందేహం ఇలా ఉండగా, మొన్న ఉగాది వెళ్ళిన వారానికి మా ఊరికి జీపొచ్చింది.

జీపులోంచి సమనామ గ్రామాల సమైక్య వారసత్వ ప్రాధికార సంస్థ దిగింది. అంటే దాని ప్రత్యేకాధికారి చక్రధరం గారు, ఆయన వెనకాల ఒక రంగు డబ్బా, ఒక పెయింటరు. షామియానా వేశాం. చక్రధరం గారు మైకు ముందు నిలబడ్డారు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, మల్లవరం అను ఒకే ఒక్క పేరును ఏడు గ్రామములు విడివిడిగా వాడుకొనుచున్నట్లు మా సర్వేలో బయటపడినది. ఇది పేరును దుర్వినియోగము చేయుటయే. ఒక పేరు, ఒక ఊరు, ఒక వారసత్వం! నేటి నుండి ఏడు మల్లవరములూ ఒకే మల్లవరం. ఒకరి వారసత్వము అందరిది. ఇంతవరకు మీకేమున్నది? కుండలు. నేటి నుండి మీకు నది ఉన్నది. అడవి ఉన్నది. రైలు గేటు ఉన్నది. సముద్రము ఉన్నది!"

మేం చప్పట్లు కొట్టాం. సముద్రం ఇస్తానంటే ఎవరు మాత్రం వద్దంటారు?

ఏడింటి జాబితా చదివారు. నాకు తెలియని మల్లవరాలు మూడు బయటపడ్డాయి. ఏటి మల్లవరం, ఉప్పు మల్లవరం, అడవి మల్లవరం. అంతవరకూ నా సందేహం రెండు ఊళ్ళ మధ్య ఊగేది. ఇప్పుడు ఐదింటికి పాకింది.

"ఇక మీదట పేరుకు ముందు విశేషణములు వాడరాదు" అన్నారు చక్రధరం గారు. పెయింటరు వెళ్ళి ఊరి బోర్డు మీద 'కుండల' అన్న మాట మీద తెల్లరంగు పూశాడు. మా సర్పంచి అచ్చియ్యమ్మ పెద్దావిడ, చూపు తక్కువ, మాట ఎక్కువ. "మరి రేపు పెళ్ళివారు తప్పిపోతే?" అంది.

"ఎక్కడికి తప్పిపోతారమ్మా? ఏ మల్లవరం వెళ్ళినా అదే ఊరు కదా!"

"పెళ్ళికూతురు మాత్రం ఒక్కచోటే ఉంటుంది బాబూ" అంది అచ్చియ్యమ్మ. అది మైకులో వినపడలేదు.

వారసత్వం వారం తిరక్కుండా రావడం మొదలెట్టింది. ముందుగా మూడు వలలు, ఇరవై తేలే చొక్కాలు వచ్చాయి. మా ఊరికి అతి దగ్గరి ఉప్పునీళ్ళు మా ఇంటి ఆవకాయ జాడీలో ఉన్నాయి. అయినా సంతకం పెట్టి తీసుకున్నాం. తేలే చొక్కాలు పిల్లలు వేసుకుని చెట్లెక్కారు. పడితే దెబ్బ తగలదని. మర్నాడు దండోరా వేయించారు. సముద్రం అల్లకల్లోలంగా ఉంది, మల్లవరం మత్స్యకారులెవరూ వేటకు వెళ్ళరాదని. మా కుమ్మరి గవరయ్య సారె దగ్గర్నించి లేచి వచ్చి, "నేను వెళ్ళటం లేదని రాసుకోండి" అని దండోరా వేసేవాడికి గట్టిగా చెప్పి మరీ వెళ్ళాడు. ఉప్పు మల్లవరానికి రెండు కుమ్మరి సారెలు అందాయని, వాళ్ళు వాటిమీద రొయ్యలు ఎండబెట్టుకుంటున్నారని తర్వాత తెలిసింది.

నవ్వుకున్నాం. పదోరోజున నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నీళ్ళ ట్యాంకరు రాలేదు.

మాది మెట్ట ఊరు. ఉగాది దాటితే బావులు అడుగంటుతాయి. రోజుకు రెండు ట్యాంకర్లు వస్తేనే మా పొయ్యిల మీద ఎసరు. రెండోరోజూ రాలేదు. మూడోరోజు మా ఆవిడ సత్యవేణి బిందె బోర్లించి నా ముందు పెట్టింది. "సముద్రం తర్వాత చూసుకుందురు గానీ, ముందు ఒక చెంబెడు నీళ్ళు తెప్పించండి" అంది.

అచ్చియ్యమ్మ, సత్యవేణి, నేను ముగ్గురం గేటు మల్లవరంలో ఉన్న సంస్థ ఆఫీసుకి వెళ్ళాం. కరెంటు లేక పిండిమర ఎలాగూ ఆగి ఉంది.

చక్రధరం గారు ఆదరంగా కూర్చోబెట్టారు. మంచినీళ్ళు ఇచ్చారు. సత్యవేణి రెండు గ్లాసులు తాగింది.

"ట్యాంకర్లు రద్దు చేయటమైనది, నిజమే" అన్నారాయన. "నీటి ఎద్దడి గల గ్రామాలకే ట్యాంకర్లు. మల్లవరంలో జీవనది ఉన్నది. జలపాతమున్నది. ఏడు చోట్ల నీటిని కలిపి ఏడుతో భాగిస్తే మీ తలసరి నీరు జిల్లాలోనే ప్రథమ స్థానము. అభినందనలు!"

"నది మా ఊళ్ళో లేదు బాబూ" అంది అచ్చియ్యమ్మ.

"మీ ఊళ్ళోనే ఉన్నది."

"తొంభై కిలోమీటర్ల దూరంలో ఉంది."

"మీ ఊళ్ళో తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్నది" అని సరిదిద్దారు చక్రధరం గారు. "దూరము అనునది రవాణా శాఖవారి అంశము. మాది వారసత్వము. ఊళ్ళో నది ఉండగా వెళ్ళి తెచ్చుకొనక, ఇంటికి పంపమనుట పౌరులకు తగునా?"

అచ్చియ్యమ్మ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. ఆ ఖాళీలో, అడగకూడదనుకుంటూనే నా గంట సంగతి అడిగేశాను. చక్రధరం గారి మొహం వెలిగిపోయింది.

"చూశారా! మీవంటి భక్తుల కొరకే ఈ సంస్థ. ఏడూ ఒకే ఊరైనప్పుడు ఏ మల్లవరంలో కట్టినా మొక్కు చెల్లినట్లే. ఆ మాటకొస్తే మీ రాములవారి గుళ్ళోనే కట్టేయండి." అక్కడికక్కడే ఒక కాగితం టైపు చేయించి, గుండ్రని ముద్ర వేసి ఇచ్చారు. దానిమీద 'మొక్కు చెల్లుబాటు ధ్రువపత్రం' అని ఉంది.

యాభై నాలుగేళ్ల సందేహం రెండు నిమిషాల్లో తీరిపోయింది. తేలికపడాలి కదా, పడలేదు. మెట్లు దిగుతుంటే సత్యవేణి అడిగింది.

"దీని నకలు స్వామికి కూడా పంపారా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

బస్టాండులో కొత్త బస్సొకటి నిలబడి ఉంది. ముందు అద్దం మీద 'మల్లవరం వారసత్వ బస్సు. మల్లవరం నుండి మల్లవరం వయా మల్లవరం' అని ఉంది. ఏడు ఊళ్ళవాళ్ళూ ఒకరి వారసత్వం ఒకరు చూసి ఆనందించాలని సంస్థవారే వేయించారట. అందులో మేం తప్ప ఎవరూ లేరు. కండక్టరు ప్రభుదాసు టిక్కెట్టు మెషీను నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఎక్కిన ఊరు మల్లవరం, దిగే ఊరు మల్లవరం. దూరం సున్నా, ఛార్జీ సున్నా అంటోందండీ. కాగితం కూడా బయటికి రావట్లేదు."

"మరి మేమేం చెయ్యాలి?" అన్నాను.

"కూర్చోండి. సున్నా దూరానికి నేనేం అడగను?"

సత్యవేణి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పది మైళ్ళు పోయాక ప్రభుదాసుని పిలిచింది. "బాబూ, ఈ బస్సు నది ఉన్న మల్లవరం దాకా పోతుందా?"

"అక్కడ అరగంట ఆగుతుందమ్మా. నది చూసి ఆనందించడానికి."

"బిందెలతో ఎక్కనిస్తావా?"

ప్రభుదాసు నిబంధనల పుస్తకం తీసి తిరగేశాడు. "కోళ్ళు, మేకలు, చేపలు, గ్యాస్ బండలు కూడదని ఉంది. బిందెల సంగతి లేదు."

సత్యవేణి నా వంక చూసింది. ముప్ఫై ఏళ్లుగా ఆ చూపు నాకు తెలుసు. దాని తర్వాత ఇంట్లో ఏదో ఒకటి స్థానం మారుతుంది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి మా ఊళ్ళో యాభైమంది బిందెలతో బస్సెక్కారు. పదకొండింటికి చేరారు. అరగంట నది చూసి ఆనందించారు, అంటే నింపుకున్నారు. సాయంత్రానికి తిరిగొచ్చారు. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా కొంత నది బస్సులోనే ఉండిపోయిందని ప్రభుదాసు చెప్పాడు. అతను చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి దిగాడు. అయినా ఆ పూట ఊళ్ళో ప్రతి ఇంట్లో అన్నం ఉడికింది. అచ్చియ్యమ్మ వీధివారీగా వంతులు పెట్టింది. మా వీధి వంతు నాలుగోరోజు.

ఈలోగా మాట మిగతా మల్లవరాలకు పాకింది. ఉప్పు మల్లవరం పోలయ్య చేపల గంపలతో ఎక్కి మా ఊళ్ళో దిగాడు. "చేపలు పట్టుకెళ్ళకూడదని రూలుంది కదా" అన్నాడు ప్రభుదాసు. "పట్టుకెళ్ళటమేంటి బావా, మా ఊళ్ళోంచి మా ఊళ్ళోకి వచ్చాను, ఇంటి వెనక్కి వెళ్ళినట్టు" అన్నాడు పోలయ్య. అడవి మల్లవరంవాళ్ళు చింతపండు, తేనె తెచ్చి కుండలు పట్టుకెళ్ళారు. గవరయ్య సారె నాలుగు రోజులు ఆగలేదు. ఉత్త మల్లవరంవాళ్ళు ఊరికే ఎక్కి, బస్సంతా కలయదిరిగి, అసలు మల్లవరం తమదేనని అందరికీ చెప్పి దిగిపోయారు. బస్సు చాలక రెండోది వేశారు. అదీ చాల్లేదు. మూడోది వేశారు.

నాలుగోరోజు నేను వెళ్ళాను.

ఏటి మల్లవరం రేవులో బిందె ముంచి పైకి వస్తుంటే, రేవు పక్క రాతిగుట్ట మీద చిన్న గుడి కనిపించింది. గుడి ముందు ఇనప కమ్మీ. కమ్మీ నిండా గంటలు. నిమ్మకాయంతవి, ఉసిరికాయంతవి, వందల గంటలు, ఏటిగాలికి మెల్లగా మోగుతున్నాయి. నా చేతిలో బిందె ఒలికింది.

గుట్ట కింద ఒక ముసలావిడ వెదురు బద్దలు చీల్చి బుట్ట అల్లుతోంది. "ఎవరిదమ్మా ఆ గుడి?" అని అడిగాను.

"దగ్గు నరసన్నది. ఏం, మీ ఇంట్లో ఎవరికైనా దగ్గా?"

"నాకే. యాభై నాలుగేళ్ల కిందట."

ఆవిడ కత్తి ఆపి నా వంక పరీక్షగా చూసింది. "గంట ఉందా?"

"ఉంది. ఇంటి దగ్గర."

"నాలుకకి గుడ్డ చుట్టుందా?"

నేను చెప్పకుండానే ఆ గుడ్డ సంగతి అడిగిన మొదటి మనిషి ఆవిడ.

"ఉందమ్మా. ఎందుకలా చుట్టడం?"

"స్వామి ముందు మోగకముందు ఇంకెక్కడా మోగకూడదు. తల్లి చుడుతుంది. దగ్గిన పిల్లాడు వచ్చి ఇక్కడ విప్పుతాడు. మా అత్త బుట్టలమ్ముకుంటూ ఊళ్ళు తిరిగేది. దగ్గే పిల్లాడు కనపడితే చాలు, ఈ మాట చెప్పి వచ్చేది. ఏ మల్లవరమో చెప్పడం మాత్రం ఆవిడకి ఎప్పుడూ తోచేది కాదు. తిరిగిన ఊళ్ళ పేర్లు కనుక్కునేది కాదు, మా ఊరు కాక ఇంకో మల్లవరం ఉందని తెలిస్తేగా."

హారను మోగింది. బిందె ఎత్తుకున్నాను. "ఎల్లుండి వస్తానమ్మా, గంట తెస్తాను" అన్నాను.

"తొందరేముంది, పిల్లాడివేగా" అందావిడ.

ఆ రాత్రి గూట్లోంచి గంట తీసి తుడిచి సంచిలో పెట్టుకున్నాను. మర్నాడు బస్సు రాలేదు. మూడు బస్సులూ ఆపేశారు.

నీళ్ళు మళ్ళీ లేవు. గంట సంచిలోనే ఉంది. అచ్చియ్యమ్మ ఊరంతటినీ వెంటేసుకుని సంస్థ ఆఫీసుకు బయల్దేరింది. మేం వెళ్ళేసరికి పోలయ్యవాళ్ళు, అడవి మల్లవరంవాళ్ళు మెట్లమీద కూర్చుని ఉన్నారు. లోపల చక్రధరం గారి ఎదురుగా రవాణా శాఖ నుంచి వచ్చిన ఉత్తరాల దొంతర ఉంది. నాలుగు రోజుల్లో పద్నాలుగు వందలమంది ప్రయాణం, ఆదాయం సున్నా, సీట్ల కింద చేప పొలుసులు, ఒక బస్సు ఇంజనులో నది.

"ఏమిటమ్మా ఇది!" అన్నారాయన. "వారసత్వము చూచుటకు! వాడుకొనుటకు కాదు!"

"మా ఊళ్ళో నీళ్ళు మేం తెచ్చుకున్నాం. మీరేగా చెప్పారు, తగునా అని" అంది అచ్చియ్యమ్మ.

"టిక్కెట్టు ఎందుకు తీసుకొనలేదు?"

"ఒకే ఊరికి దూరం ఉండదని మెషీను చెప్పిందండీ" అన్నాను.

"టిక్కెట్టు పెట్టవలెనన్న దూరమున్నదని ఒప్పుకొనవలెను. దూరమున్నదన్న ఊళ్ళు వేరని ఒప్పుకొనవలెను. ఊళ్ళు వేరన్న..." చక్రధరం గారు ఆగిపోయి, గోడమీద తన సంస్థ బోర్డు వంక చూశారు. నాకు జాలేసింది. ఆయనకీ పిల్లలుంటారు.

"ట్యాంకర్లు మళ్ళీ పంపించెయ్యండి బాబూ, బస్సులెక్కం" అంది సత్యవేణి.

"నది ఉన్న ఊరికి ట్యాంకరు పంపుటకు నిబంధనలు ఒప్పుకొనవమ్మా."

"ట్యాంకరనొద్దు. నదిని మీరే కాస్త ఊళ్ళో తిప్పండి. మీ నది, మీ ఊరు. అడిగేదెవరు?"

చక్రధరం గారు మెల్లగా కలం మూత తీశారు.

రెండు రోజుల్లో ఉత్తర్వులు వచ్చాయి. 'మల్లవరం నదిని ప్రజా సౌకర్యార్థము రోజునకు రెండు పర్యాయములు మల్లవరమునందు త్రిప్పుటకు అనుమతించడమైనది. సదరు నది చక్రములు కలిగియుండవలెను.' మర్నాడు పొద్దున్నే పాత ట్యాంకరు, పాత డ్రైవరు, అదే హారను. డొక్క మీద మాత్రం కొత్త నీలిరంగు, దానిమీద 'జీవనది, శాఖ నెం. 2'. జనం బిందెలతో పరిగెత్తారు. గవరయ్య మొదటి చెంబు నీళ్ళు చక్రానికి పోసి, పసుపు రాసి దణ్ణం పెట్టాడు. నదికి చేయవలసిందే కదా.

బస్సు ఒకటి మిగిల్చారు. దూరాన్ని ఒప్పుకోకుండా ఛార్జీ ఎలా వేశారంటే, దానికి 'వారసత్వ దర్శన రుసుము' అని పేరు పెట్టారు. సత్యవేణి, నేను ఎక్కాం. నా జేబులో చక్రధరం గారి ధ్రువపత్రం, సంచిలో గంట. ప్రభుదాసు రెండు టిక్కెట్లు చింపి ఇచ్చాడు. వాటిమీద మల్లవరం అని తప్ప ఏమీ లేదు. కానీ దిగాల్సిన చోటు వచ్చినప్పుడు అతను తలుపు మీద కొట్టి, నిబంధనలన్నీ మరిచిపోయి, "ఏటి మల్లవరం! ఏటి మల్లవరం దిగండి!" అని కేకేశాడు.

ముసలావిడ బుట్ట పక్కన పెట్టి మాతో పాటు గుట్ట ఎక్కింది. పొడుగ్గా ఉన్నానని కమ్మీ చివర, ఎత్తున ఉన్న ఖాళీ చూపించింది. గంటని తీగతో కట్టాను. తర్వాత గుడ్డ విప్పబోయాను. మా అమ్మ వేసిన ముడి. వేళ్ళతో రాలేదు, గోళ్ళతో రాలేదు. సత్యవేణి పిన్నీసు ఇచ్చింది. ముడి విడిపోగానే, గూట్లో ఇన్నేళ్లుగా పిండిమర దుమ్ము ఎంత పట్టిందో, అంతా ఒక్కసారిగా నా ముక్కులోకి వచ్చింది. దగ్గాను. కళ్ళ నీళ్ళొచ్చేదాకా, కమ్మీ పట్టుకుని, నాలుగేళ్ల పిల్లాడిలా దగ్గాను.

సత్యవేణి వీపు మీద కొట్టింది. ముసలావిడ పక్కున నవ్వింది. "మంచిదే. లేకపోతే ఈ నెరిసిన జుట్టు చూసి స్వామి ఎలా గుర్తుపడతాడు?" అంది.

జేబులోంచి ధ్రువపత్రం తీసి కళ్ళు, ముక్కు తుడుచుకున్నాను. దళసరి కాగితం, బాగానే పనికొచ్చింది.

ఏటి మీంచి గాలి వచ్చింది. కమ్మీ మీద గంటలన్నీ మోగాయి. మా అమ్మ కొన్న గంట చివరగా, కాస్త ఆలస్యంగా మోగింది.

దగ్గు ఆగిపోయింది.